బోర్లించిన గ్లాసులు

కరుప్పట్టి కాఫీ వాసన వస్తే మా ఊళ్లో అందరికీ వాళ్ల అవ్వ గుర్తొస్తుంది. నాకు సూది గుర్తొస్తుంది. ఈ పొద్దున తళవాయిపురంలో ఒక ఇంటి వరండాలో బల్ల వేసుకుని, పరగడుపున రక్తం ఇవ్వడానికి వచ్చిన ఆడవాళ్ల పేర్లు రాసుకుంటున్నాను. ఇంటి వెనక నుంచి ఆ వాసన వచ్చింది. తాటిబెల్లం నీళ్లలో కరిగి, అందులో కాఫీపొడి పడి, పైన చిటికెడు శొంఠి పడితే వచ్చే వాసన. పక్కనున్న నర్సు "ఎంత మంచి వాసనో" అని కళ్లు మూసుకుంది. నేను పెన్ను కింద పెట్టి, ఎవరికీ చెప్పకుండా లేచి పెరటివైపు నడిచాను. ఎందుకు నడిచానో చెప్పాలంటే ముందు డాక్టర్ ఆర్. వి. అలమేలు గారి గురించి చెప్పాలి. ఆమె పోయి ఏడాదైంది. పెరట్లో ఉన్నవాళ్లు కాసేపు ఆగుతారు.

అలమేలు గారు హార్మోనుల శాస్త్రవేత్త. ఒంట్లోకి చక్కెర ఎలా వస్తుంది, ఎక్కడికి పోతుంది, పోవలసిన చోటికి పోకుండా ఎందుకు మొరాయిస్తుంది అన్న ఒక్క సంగతి మీదే జీవితమంతా పనిచేశారు. మదురైలో పెద్ద ఉద్యోగం చేసి, రిటైరయ్యాక మా ఊరు రాజపాళయం వచ్చి, సొంత ఇంటి ముందుగదులు రెండింటినీ ల్యాబుగా మార్చుకున్నారు. ఆ ఇంట్లో రెండు ఫ్రిజ్‌లు ఉండేవి. లోపలి దాంట్లో పాలు, పెరుగు. బయటి దాంట్లో చుట్టుపక్కల ఊళ్ల రక్తం. వంటమనిషి రెండిటినీ కలిపేస్తుందేమోనని నేను చేరిన కొత్తలో భయపడ్డాను. ఆవిడ ఒక్కనాడూ పొరపాటు పడలేదు. నేనే ఒకసారి పెరుగు గిన్నెకు నంబరు రాసి చీటీ అంటించాను.

నేను చేరింది బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ పూర్తిచేసి, మా నాయన ఎవర్‌సిల్వర్ స్టీలు పాత్రల కొట్లో కూర్చుని గిన్నెలకు ధర చీటీలు అంటించుకుంటున్న రోజుల్లో. చీటీలు అంటించడంలో నాకు అప్పటికే అనుభవం ఉందన్నమాట. అలమేలు గారు నా సర్టిఫికెట్లు చూడలేదు. కళ్లద్దాల పైనుంచి నన్ను చూశారు.

"ఏమి పాపా, నీకు ఏమేమి తెలుసు?"

"చానా తెలుసమ్మా. పరీక్షలో అడిగినవి తప్ప."

"రక్తం చూస్తే తల తిరుగుతాదా?"

"నాది కాకుంటే తిరగదు."

"సరి. రేపు పొద్దున్నే రా. తినేసి రా. ఒట్టి కడుపుతో ఉండాల్సింది వాళ్లు, మనము కాదు."

ఈ చివరి మాట ఎంత దూరం వచ్చి మమ్మల్ని కొట్టిందో తరవాత చెబుతాను.

ఆమె గొప్పతనం గురించి ఊళ్లో రకరకాల కథలు ఉండేవి. చాలావరకు అబద్ధాలు. ఆమెకు నచ్చిన కథ ఒక్కటే, అది నిజం. వయసులో ఉన్నప్పుడు ఐసు పెట్టె ఒళ్లో పెట్టుకుని టౌన్ బస్సులో ఊరూరా తిరిగి రక్తం తెచ్చేవారట. ఒకరోజు కండక్టరు పెట్టె చూసి, చేపలైతే బస్సులో పెట్టకూడదు అన్నాడట. "చేపలు కాదయ్యా, రక్తం" అన్నారట ఈమె. ఆ రోజు నుంచి ఆమె పక్క సీట్లో ఎవరూ కూర్చోలేదని, అందుకే తన మంచి ఆలోచనలన్నీ బస్సులోనే వచ్చాయని చెప్పేవారు. శాస్త్రవేత్తకు కావలసింది ప్రశాంతత అని పెద్దలు చెబుతారు గానీ, అది ఇలా కూడా దొరుకుతుందని చెప్పరు.

ఆ బస్సు రోజుల్లో, నేను పుట్టకముందు, ఒక పరిశోధన జర్నలుకు రాసిన పేపరు వల్ల ఆమె పేరు బయటి దేశాలకు తెలిసింది. తళవాయిపురం, సత్రపట్టి, సేత్తూరు. మూడు ఊళ్లలో పొలం పనికి పోయే ఆడవాళ్ల రక్తం పరగడుపున తీసి, అందులో చక్కెర, ఇన్సులిన్ కొలిచారు. రెండు ఊళ్లలో మామూలుగానే ఉన్నాయి. సేత్తూరులో మాత్రం రెండూ ఎక్కువ. లావుగా, కదలకుండా కూర్చునేవాళ్లకు అలా ఉంటే ఎవరూ ఆశ్చర్యపోరు. వీళ్లు సన్నగా, ఎముకల మీద చీర చుట్టినట్టు ఉండి, రోజంతా ఎండలో వంగి పనిచేసేవాళ్లు. మరి ఎందుకు? ఆ ప్రశ్నను ప్రపంచం పట్టుకుంది. ఒకరు నీళ్లు అన్నారు. ఒకరు పురుగుమందు అన్నారు. ఒకరు తల్లి కడుపులో ఉన్నప్పుడే తిండి చాలక అన్నారు. సేత్తూరు ఏ దిక్కున ఉందో తెలియనివాళ్లు సేత్తూరు గురించి వాదించుకున్నారు. సేత్తూరు వాళ్ల వాదన మాత్రం బస్సు ఎప్పుడొస్తుందన్న దాని మీదే ఉండేది.

ఒక పేపరు రాసేవాళ్లు, ఈ సంగతి ముందే ఫలానావాళ్లు చెప్పారని అడుగున పేరు వేస్తారు. దాన్నే సైటేషన్ అంటారు. ఎంతమంది అలా వేస్తే అంత గొప్ప. ఇది మా నాయనకు అర్థమయ్యేలా చెప్పడానికి, మా ఊరి పెళ్లి పత్రికల అడుగున చుట్టాల పేర్లు వరసగా వేస్తారే, అలాంటిదని చెప్పాను. కొన్ని పేర్లు ప్రేమతో వేస్తారు, కొన్ని భయంతో, కొన్ని వేయకపోతే అలుగుతారని. అలమేలు గారికి ఈ పోలిక చెబితే కళ్లద్దాలు తీసి మరీ నవ్వారు.

"ఆమా, నిజమే పాపా. నా పేరు ఎన్నో పత్రికల్లో ఉండాది. చదివి వేసినోళ్లు కొందరే. మిగిలినోళ్లు ఇంకొకరి పత్రిక చూసి వేసినారు."

మా నాయన మాత్రం నవ్వలేదు. ఆయన వీధి వర్తకుల సంఘానికి సెక్రటరీ. ఆమెకు వచ్చిన సైటేషన్ల అంకె ఎంతో కనుక్కుని, అలమేలు గారికి పారాట్టు విళా, అంటే సన్మానసభ, చేయాలని తీర్మానం చేయించాడు. ఫ్లెక్సీ మీద ఆమె ముఖం కంటే ఆ అంకె పెద్దగా వేయించాడు. దూరం నుంచి చూసేవాళ్లకు అది ఫోను నంబరులా కనిపించింది.

అలమేలు గారికి సన్మానం మీద ఆశ లేదు గానీ ఇంకో ఆశ ఉండేది. సేత్తూరు ఎందుకు అలా ఉందో తాను బతికుండగా తెలియాలి. ప్రశ్న వేసింది తనే, జవాబు తన దగ్గర లేదు. "పక్కోళ్ల ఇంట్లో పిల్లను వదిలి వచ్చినట్లు ఉండాది పాపా" అనేవారు. మోకాళ్లు అప్పటికే మొండికేశాయి. అందుకని ఆనాటి ఆడవాళ్లలో ఇంకా ఉన్నవాళ్లను వెతికి, మళ్లీ పరీక్ష చేయడానికి నన్ను పంపారు. మొదట పోవలసింది సేత్తూరులో వెంగమ్మవ్వ ఇంటికి. అప్పట్లో మూడు రోజులు రక్తం తీసింది ఆవిడ వరండాలోనే.

వెంగమ్మవ్వకు ఎనభై దాటి ఉంటాయి. అలమేలు గారు పంపారని చెప్పానో లేదో, కూర్చోబెట్టి, కరుప్పట్టి కాఫీ తెచ్చి చేతిలో పెట్టింది.

"తాగు పాపా. ఒట్టి కడుపుతో ఏమి పని చేస్తావు? మా ఇంటికి వచ్చినోళ్లను నేను ఎప్పుడూ ఒట్టి కడుపుతో ఉంచలేదు. ఆ కాలంలో మీ డాక్టరమ్మ పరగడుపున రమ్మంటే కూడా ఉంచలేదు."

గ్లాసు నా నోటి దగ్గర ఉంది. అక్కడే ఆగింది.

"ఉంచలేదంటే?"

"పాపం, ఆ పిల్లలు తెల్లారకముందే లేచి పేడ తీసి, నీళ్లు మోసి వస్తారు. వాళ్ల రక్తం తీసేదంటే నాకు మనసు ఒప్పలేదు. కళ్లు తిరిగి పడితే ఎవరు ఎత్తేది? అందుకే అందరినీ పెరటి వాకిట్లోకి పిలిచి, తలా ఒక గ్లాసు కాఫీ పోసి, మూతి తుడుచుకోమని చెప్పి, అప్పురం ముందుకు పంపినాను."

"అందరికీనా అవ్వా?"

"ఒకామె బాలింత. ఆమెకు రెండు గ్లాసులు."

"డాక్టరమ్మకు ఎవరూ చెప్పలేదా?"

"నేనే చెప్పద్దన్నాను. ఆమె అరుస్తాది కదా. చిన్న వయసు, కోపం ఎక్కువ. చూడు, ఒక్కరైనా పడిపోయినారా నా వాకిట్లో? తళవాయిపురంలో ఇద్దరు పడిపోయినారంట."

ఆ గర్వం చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. నాకు ప్రతిదానికీ ఒక జోకు తోస్తుంది, ఆ పూట తోచలేదు. ఇంకో గ్లాసు పోయించుకున్నాను. ధైర్యం కోసం కాదు, కాఫీ బాగుంది.

తిరిగి వచ్చే బస్సులో లెక్క వేసుకోవడానికి పెద్ద చదువు అక్కరలేదు. బెల్లం కాఫీ తాగిన కాసేపటికి ఎవరి రక్తంలోనైనా చక్కెర ఎక్కుతుంది, దాన్ని అణచడానికి ఇన్సులిన్ ఎక్కుతుంది. సేత్తూరు రహస్యం నీళ్లలో లేదు, కడుపులో లేదు, పెరట్లో ఉంది. సన్మానసభ పది రోజుల్లో ఉంది. నేను చెప్పకూడదనే నిర్ణయించుకున్నాను. ఎవరినీ బాధపెట్టని మంచి నిర్ణయం. ఇంట్లో అడుగుపెట్టేదాకా నిలిచింది.

"ఏమి పాపా, వచ్చినప్పటి నుంచి ఒక్క ఎగతాళి మాట లేదు. ఎవరు పోయినారు?"

"ఎవరూ పోలేదమ్మా. పేపరు పోయినాది."

అంతా చెప్పాను. అరుస్తారనుకున్నాను, లేదా ఏడుస్తారనుకున్నాను. నీళ్ల గ్లాసు తీసుకొద్దామా అని లేచాను కూడా. ఆమె నన్ను కూర్చోమని ప్రశ్నలు మొదలుపెట్టారు. గ్లాసు పెద్దదా చిన్నదా? కరుప్పట్టియా, తెల్ల చక్కెరా? తాగినాక సూది ఎంతసేపటికి? మూడు రోజులూ ఇచ్చినాదా, మొదటి రోజేనా? నాకు సగం జవాబులు తెలియవు.

"తెలీకుండా పేపరు పోయినాదని ఎట్ల చెప్తావు? రేపు ఇద్దరమూ పోదాము. ఏమీ తినకుండా రా. నువ్వు కూడా."

మర్నాడు ఆటోలో సేత్తూరు పోయాం. ఆమె వెంగమ్మవ్వను ఒక్క మాట అనలేదు. "అవ్వా, ఆ రోజు ఇచ్చినట్లే ఈ పాపకు కాఫీ ఇయ్యి. అదే గ్లాసు, అంతే కరుప్పట్టి" అన్నారు. ముందు ఒకసారి నా వేలు పొడిచారు. నేను తాగాను. అరగంట ఆగి మళ్లీ పొడిచారు. నా రక్తమే కాబట్టి తల తిరిగింది. పాత పట్టికలు వెంట తెచ్చారు. అందులోని సేత్తూరు అంకెల పక్కన నా అంకె పెట్టి చూస్తే, నేను అచ్చం ఆ ఊరి ఆడపడుచునే.

వెంగమ్మవ్వ మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది.

"అమ్మా, నేను ఏమన్నా తప్పు చేసినానా?"

"తప్పు నాది అవ్వా. వాళ్లను తిన్నారా అని అడిగినాను, తాగినారా అని అడగలేదు. ఇంత ఇంటికి పెద్ద నువ్వు, నిన్ను అసలు అడగలేదు. నువ్వు ఇచ్చినావు కాబట్టే ఎవరూ పడిపోలేదు."

"నేను అదే కదా చెప్తాండాను" అంది వెంగమ్మవ్వ, ఊపిరి పీల్చుకుని. ఆ తరవాత అలమేలు గారికీ ఒక గ్లాసు ఇచ్చింది. ఆమె తాగారు.

ఆటో ఊరు దాటింది. పడమట కొండ మీద మబ్బు దిగుతోంది. అప్పుడు అలమేలు గారు అన్నారు.

"నేను చూసినాను పాపా. ఆ రోజుల్లో చేతులు కడుక్కునేదానికి పెరట్లోకి పోతే, గోడవార ఎవర్‌సిల్వర్ గ్లాసులు వరసగా బోర్లించి ఉండె. ఇరవైకి పైగా. ఎండకు మెరుస్తాండె. ఇంట్లో ఉండేది నలుగురు. ఎంత అందంగా ఉండాదో అనుకున్నాను. ఇన్ని ఎందుకని అడగలేదు."

నేను ఉండబట్టలేక వాదించాను.

"అమ్మా, ఇది అవ్వకు తప్ప ఎవరికీ తెలీదు. అవ్వ ఆ జర్నలు చదవదు."

"నీకు తెలుసు కదా."

"నేను ఎవరికీ చెప్పను."

"నాకూ తెలిసిపోయినాది కదా. నన్ను ఏమి చేస్తావు?" అని, "యాడనో నీలాంటి పాప ఒకతె ఇది నమ్మి పని చేస్తాండాదేమో. దానికి ఎన్నేళ్లు పోతాయో చూసినావా" అన్నారు.

జర్నలుకు రాసే ఉత్తరం నన్ను మొదలుపెట్టమన్నారు. రెండు పేజీలు రాశాను. అందులో ఆనాటి గ్రామీణ పరిస్థితులు, రవాణా సౌకర్యాల కొరత, అన్నీ ఉన్నాయి; కాఫీ చివరి పేరాలో ఉంది. ఆమె అరపేజీకి తగ్గించారు. 'దురదృష్టవశాత్తు' అన్న మాట మీద గీత పెట్టి, "అదృష్టం ఏమి చేసె? అడగనిది నేను" అన్నారు. వెంగమ్మవ్వ పేరు కూడా కొట్టేశారు. సేత్తూరు అంకెలు పరగడుపు అంకెలు కావు, వాటిని ఎవరూ వాడవద్దు, తప్పు పూర్తిగా నాది. అంతే ఉత్తరం.

మా నాయనకు చెప్పడం దీనికంటే కష్టమైంది.

"ఒక వారం ఆగి పంపకూడదా ఆ లెటరు?"

"పంపేసినారు నాయనా."

"బ్యానరు కట్టేసినాము కదమ్మా. ఆ అంకె మీద కాగితం అంటించేదా?"

అలమేలు గారిని అడిగితే, ఉండనీ, నేనే చెప్తానన్నారు. సభ జరిగింది. వెంగమ్మవ్వను కారు పంపి పిలిపించి మొదటి వరసలో కూర్చోబెట్టారు. అలమేలు గారు లేచి, వెనక వేలాడుతున్న అంకెను చూపించి, ఇందులో ముప్పాతిక భాగం ఒక తప్పుకు వచ్చిందని, వెంగమ్మవ్వ పేరు ఎత్తకుండా కాఫీ సంగతి చెప్పారు. సభ నిశ్శబ్దమైపోతుందని, చరిత్రలో నిలిచే ఘట్టమని నేను ఎదురుచూస్తూ నిలబడ్డాను. జనం విపరీతంగా చప్పట్లు కొట్టారు. సేత్తూరు ఆతిథ్యం గురించి ఇంత గొప్పగా ఎవరూ చెప్పలేదని మా నాయన మైకులో అన్నాడు. వెంగమ్మవ్వ లేచి దణ్ణం పెట్టింది. తరవాత మా కొట్టు తరఫున బహుమతి ఇచ్చారు. అట్టపెట్టె విప్పితే డజను ఎవర్‌సిల్వర్ గ్లాసులు, ఒక్కోదాని మీద అలమేలు గారి పేరు చెక్కించి ఉంది. ఆమె నన్ను చూశారు, నేను ఆమెను చూశాను. వేదిక మీద అంతసేపు నవ్వినవాళ్లను మా ఊరు అంతకుముందు చూసి ఉండదు.

నెలల తరవాత జర్నలు వాళ్లు పేపరు మీద తప్పొప్పుల నోటు వేశారు. లోకం దాన్ని చూసి ఆగిపోలేదు. నోటు చదవకుండానే పేపరు పేరు వేసుకునేవాళ్లు వేసుకుంటూనే ఉన్నారు. అంకె పెరుగుతూనే ఉంది. "పెళ్లి నిలిచిపోయినా చుట్టాలు వస్తాండారమ్మా" అన్నాను. ఈసారి ఆమె నవ్వలేదు. ఆ పేపరును నమ్మి పనిచేసినవాళ్ల జాబితా తీయించి, రోజూ పొద్దున ఒక్కొక్కరికీ విడిగా ఉత్తరం రాయడం మొదలుపెట్టారు. చిరునామాలు వెతకడం నా పని. చాలామంది జవాబివ్వలేదు. ఒకరు థాంక్స్ చెప్పి, అదే ఉత్తరంలో తన కొత్త పేపరు కూడా చదవమన్నారు.

ఒక జవాబు మాత్రం వేరు. ఎక్కడో ఒక అమ్మాయి, నా వయసే, పరిశోధక విద్యార్థిని. సన్నని ఆడవాళ్లలో సేత్తూరు అంకెలు మళ్లీ రాబట్టాలని ఏళ్లుగా ప్రయత్నిస్తోందట. ఎన్నిసార్లు చేసినా రాలేదట. తప్పు తన చేతుల్లోనే ఉందనుకుందట. చదువు మానేద్దామని కాగితాలు కూడా సిద్ధం చేసుకుందట. 'మీ ఉత్తరం చూశాక నా చేతులు మంచివేనని తెలిసింది' అని రాసింది.

అలమేలు గారు దాన్ని రెండుసార్లు చదివారు. అవార్డుల కాగితాలన్నీ బీరువా అడుగున పడేసే మనిషి, ఈ ఉత్తరాన్ని మాత్రం ప్రింటు తీయించి బయటి ఫ్రిజ్ తలుపుకు అంటించమన్నారు. అంటించాను. చీటీలు అంటించడం నాకు వచ్చిన పనే.

"ఇది లెక్క పెట్టుకో పాపా," అన్నారు. "నా సైటేషన్ ఇది ఒకటి."

నేను ఆ కాగితం అంచులు ఇంకోసారి వేలితో అదిమాను. నోరు మూసుకోవడం కూడా ఆమె దగ్గరే నేర్చుకున్నాను, కాకపోతే ఆ ఒక్క పూటకే.

ఆమె పోయిన తరవాత ఆ ఇంట్లో నాకేం కావాలని ఆమె చుట్టాలు అడిగారు. పేరు చెక్కిన గ్లాసు ఒకటి అడిగాను. పుస్తకాలు అడుగుతాననుకున్నారు, కొంచెం నిరుత్సాహపడ్డారు. ఇప్పుడు అది నా సంచిలో ఉంటుంది. నేను ఊరూరా వాడే ఫారంలో చివరి ప్రశ్న ఆమె చేతిరాతలో ఉన్నదే అచ్చు వేయించాను: ఈ ఇంట్లో పొయ్యి దగ్గర ఉండేది ఎవరు, వాళ్లను అడిగారా?

ఈ పొద్దున తళవాయిపురం పెరట్లో ఒకామె పొయ్యి ముందు కూర్చుని పెద్ద గిన్నెలో కాఫీ కలుపుతోంది. గోడవార గ్లాసులు వరసగా బోర్లించి ఉన్నాయి. ఎండ వాటి మీద పడుతోంది. అందంగానే ఉన్నాయి. నేను వంగి ఒకదాని లోపల వేలు పెట్టి చూశాను. పొడిగా ఉంది. రెండోదీ పొడిగానే ఉంది.

"ఏమి పాపా, కాఫీ కావాలా?" అని ఆమె నవ్వింది.

"కావాలక్కా. సూదులు అయినాక అందరికీ, నాకు ఇందులో" అని సంచిలో గ్లాసు తీసి ఆమె పక్కన పెట్టాను.

తరవాత ఆమె ఎదురుగా గొంతుక్కూర్చుని, పొద్దున లేచినప్పటి నుంచి ఎవరెవరికి ఏమేమి ఇచ్చిందో అడిగాను.